నైరుతి మూల బరువు

పాత బిల్డింగులంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. అలాంటిదాన్ని, గవర్నర్‌పేటలో ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న లాడ్జిని అద్దెకు తీసుకుందామని పట్టుబట్టింది మాత్రం నేనే. మా ఆయనకు చీరల హోల్‌సేల్ షాపు ఉంది. చీర కొన్నవాళ్ళందరూ జాకెట్ ఎక్కడ కుట్టించుకోవాలని అడుగుతున్నారు, ఆ కుట్టేదేదో మనమే కుట్టిద్దాం అన్నాను. కొత్త కాంప్లెక్సుల్లో అద్దెలు మండిపోతున్నాయి. లాడ్జి అయితే షాపుకు రెండు సందుల అవతలే. "నీ ఇష్టం, తర్వాత నన్ననకు," అన్నారాయన. ఆయన కాఫీలో చక్కెర గురించి కూడా ఆ మాటే అంటారు.

ఒకే అంతస్తు లాడ్జి. మధ్యలో చిన్న వాకిలి, చుట్టూ గదులు. మొదటిసారి తలుపు తీయగానే పావురాల కంపు ముఖాన కొట్టింది. ఒక్కో గదిలో ఒక ఇనప మంచం, కిటికీకి సాలెగూడు. మిషన్లు వేయాలంటే హాలు కావాలి. వెనకవైపు మూడు గదులు కలిపేస్తే సరిపోతుందని నేను లెక్క వేశాను.

ఉయ్యూరు నుంచి వచ్చే మేస్త్రి యాభై దాటిన మనిషి. ఏ గోడనైనా వేలి కణుపులతో తట్టి చూస్తేగాని మాట్లాడడు. "అమ్మా, కొత్త ఇళ్ళకి పిల్లర్లుంటాయి, మధ్యలో గోడ తీసినా నిలబడతాయి. దీనికి గోడే పిల్లరు. మీరు తియ్యమంటున్న గోడల మీదే దూలాలు కూర్చున్నాయండీ," అన్నాడు. తీసిన చోట ఇనప గడ్డర్లు వేస్తాను గాని, పైన కొత్తగా బరువు మాత్రం పెట్టొద్దన్నాడు.

గోడలు తీసి గడ్డర్లు వేశాక, అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. మా పుట్టింటివాళ్ళు పెడనలో నేతపనివాళ్ళు. మగ్గం గుంట తవ్వాలన్నా వాస్తు చూడందే గునపం పట్టేవారు కాదు. ఆ అలవాటు నాకూ పోలేదు. మా పుట్టింటివైపు వాస్తు చూసే పెద్దాయన్ని నేనే పిలిపించాను. ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని లాడ్జి అంతా తిరిగి, మేడ మెట్లెక్కి, పాత నీళ్ళ తొట్టి దగ్గర ఆగిపోయారు.

"ఈశాన్యం మీద ఇంత బరువా! లాడ్జి మూతపడక ఏమవుతుందమ్మా?" అన్నారు. ఆ తొట్టి కొట్టించేసి, టాంకు నైరుతిలో పెట్టాలన్నారు. కింద కూడా అన్నిటికన్నా బరువైన మిషన్ ఆ మూలే ఉండాలి. నైరుతి ఎంత బరువుంటే వ్యాపారం అంత స్థిరం.

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఈశాన్యం వైపు గోడలు మందమండీ, పాతవాళ్ళు అందుకే తొట్టి అక్కడ కట్టారు. నైరుతిలో మనం గోడ తీసేశాం కదమ్మా."

"మేస్త్రిగారూ, మీ పని మీరు చూడండి. దిక్కుల సంగతి ఆయన చూసుకుంటారు," అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. రెండు వేల లీటర్ల నల్ల టాంకు నైరుతి మూల మీద కూర్చుంది. దాని సరిగ్గా కింద, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఇనప బల్లతో సహా నేలకు బిగించారు. ఏ జాకెట్టయినా ఆ మిషన్ మీదుగా వెళ్ళాల్సిందే.

పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిలో చేరారు. కటింగ్ చేసే ఆవిడే వాళ్ళకు పెద్ద. అంతకుముందు వాళ్ళు పనిచేసిన చోటు ఉన్నట్టుండి మూతపడిందట. మా దగ్గర పని దొరికిందని మొదటిరోజు ఒకావిడ మిషన్‌కు దండం పెట్టుకోవడం చూశాను.

శ్రావణమాసం ఆర్డర్లు మొదలయ్యాక, గడ్డర్లకు రంగు వేయడానికి వచ్చిన మేస్త్రి ఓవర్‌లాక్ మిషన్ వెనక గోడ చూసి నన్ను పిలిచాడు. కప్పు కింద నుంచి ఏటవాలుగా ఒక బీట. వెంట్రుకంత సన్నంగా ఉంది. ఆయన ఒక చిన్న గాజు పలక తెచ్చి, బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అంటించాడు.

"గాజు పగలనంత కాలం గోడ కదలట్లేదని లెక్కండీ. పగిలిందా, ముందు మనుషుల్ని బయటికి పంపెయ్యండి. టాంకు ఖాళీ చెయ్యండి. నాకు ఫోను ఆ తర్వాత."

ఆ రోజు నుంచి నాకు దేవుడి గది కన్నా ముందు ఆ గాజే గుర్తొచ్చేది. పొద్దున్నే షట్టర్ తీయించి, నేరుగా ఆ మూలకు వెళ్ళేదాన్ని. గాజు బాగుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. మధ్యాహ్నానికి ఏదో ఒక వంక పెట్టుకుని మళ్ళీ వెళ్ళి చూసేదాన్ని. మా ఆయనకు చెబితే, "మేస్త్రికి పని కావాలి, అంతే," అని కొట్టిపారేశారు.

ఒక సోమవారం పొద్దున చూస్తే గాజు పగిలి ఉంది. రాలిపోలేదు, మధ్యలో ఒక గీత పడింది, అంతే. మేస్త్రి చెప్పినదంతా గుర్తుంది. అయినా నేను ఫోను తీయలేదు. చీపురు కర్ర తగిలి ఉంటుందనుకున్నాను. అంత ఎత్తున చీపురు కర్ర ఎందుకు తగులుతుంది? తగిలిందనే అనుకున్నాను. పనులు ఆపితే శ్రావణమాసం పోతుంది. అన్నిటికన్నా, గోడ తీయించిందీ టాంకు మార్పించిందీ నేనేనని అందరూ అంటారు. ఆ మాట పడాల్సి వస్తుందని భయపడి, మనుషులు పోతారన్న భయాన్ని నొక్కిపెట్టాను. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, జరిగింది ఇదే.

తొమ్మిది రోజులు అలాగే గడిపాను. ఎవరూ చూడకుండా మేడ మీదికి వెళ్ళి టాంకు నీళ్ళు వదిలేసేదాన్ని. బాత్రూములో నీళ్ళు రావట్లేదని షాపుకు కబురు వెళ్ళేది, మా ఆయన మోటారు వేయించేవారు. టాంకు నిండుతున్న చప్పుడు కిందికి వినిపించేది. లారీ వెళ్ళి కిటికీ ఊగితే లేచి నిలబడేదాన్ని. పావురం రెక్క కొట్టుకున్నా కప్పు వైపు చూసేదాన్ని. నేను మాత్రం కూర్చునేది గుమ్మం పక్కన. అది ఆలోచించి ఎంచుకున్న చోటు కాదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

పదో రోజు, పదకొండు గంటలప్పుడు, ఓవర్‌లాక్ మీద కూర్చున్న అమ్మాయి నల్ల జాకెట్ అంచు కుడుతోంది. దాని మీద తెల్లగా సున్నం పొడి రాలింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. చేత్తో దులిపింది, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఇంకాస్త రాలింది. మళ్ళీ దులిపింది. పైన ఏముందో చూడకుండా ఎవరైనా అలా దులుపుకుంటారా? నేను ఒక్క ఉదుటున లేచాను.

"లేవండి! అందరూ లేవండి! బయటికి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. టేపులు మెడలో ఉండగానే, చెప్పులు కూడా వేసుకోకుండా, గబగబా రోడ్డు మీదికి వచ్చేశారు. నేను మేడెక్కి టాంకు కొళాయి తిప్పాను. ఆ నీళ్ళు పోవడానికి పట్టిన సమయమంతా ఆ కప్పు మీదే నిలబడ్డాను. నా బరువు కూడా అక్కడే ఉందన్న సంగతి దిగాక తట్టింది.

నేను ఫోను చేశాక మేస్త్రి బస్సెక్కి వచ్చేసరికి రెండయింది. జాకీలు పెట్టి కప్పును నిలబెట్టి, నైరుతి దూలం చివర సున్నం రాల్చి, స్క్రూడ్రైవర్ గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. లోపలంతా చెదలు. బయటికి రంగు మాత్రం నిగనిగలాడుతోంది, మేం వేయించిందే. "ఎన్నాళ్ళయింది పగిలి?" అని అడిగాడు. తొమ్మిది రోజులన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళంతా ఎదురు షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. క్యారేజీలు లోపలే ఉండిపోవడంతో తిండి కూడా తినలేదు. ఇక దాచి లాభం లేదు. వాళ్ళ ముందు నిలబడి, గాజు సంగతి, దూలం సంగతి, నేను తొమ్మిది రోజులు నోరు మెదపని సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను, ఏడుస్తారనుకున్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మాకు తెలుసండీ," అంది కటింగ్ చేసే ఆవిడ.

"ఏం తెలుసు?"

"గాజు పగిలిందని. మేస్త్రి మీకు చెప్పేటప్పుడు మేమూ విన్నాం కదండీ. పగిలిన రోజునుంచే ఓవర్‌లాక్ మీదికి వంతులేసుకున్నాం. చంటిపిల్లలున్న నలుగుర్నీ వద్దన్నాం. మిగతా పదిమందిమీ రోజుకొకళ్ళం."

ఆ మిషన్ మీద రోజుకో మనిషి కనిపిస్తుంటే, అందరూ పని నేర్చుకుంటున్నారని నేను మురిసిపోయాను. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఆవిడ నా వంక ఆశ్చర్యంగా చూసింది. "మీరు రోజూ పొద్దున్నే వచ్చి చూసుకుని వెళ్తున్నారు కదండీ. తెలిసే కూర్చోబెట్టారనుకున్నాం."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. తెలిసే కూర్చోబెట్టాను.