కాపలా తాత కాల్చిన జెండాలు

నా చిన్నప్పుడు మాదాపూర్‌లో అద్దాల మేడలు ఇంకా సగంలోనే ఉండేవి. మా నాన్న అక్కడ తాపీ పని చేసేవాడు. పాలమూరు నుంచి వచ్చిన మేము ఆ కట్టడం వెనకే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. పాత కాగితాల కొట్టులో నాన్న నాకు సిపాయిల బొమ్మల కథలు కొనిచ్చేవాడు. వాటిలో సిపాయికి ఆకలి వేయదు, అలసట రాదు. చెడ్డవాడెవడో కనిపెట్టడానికీ కష్టపడక్కర్లేదు, మన జెండాకి నిప్పు పెట్టేవాడే చెడ్డవాడు. పేజీ తిప్పితే వాడి పని అయిపోయేది. దానికి తోడు ఆ ఏడాది సరిహద్దులో యుద్ధం కూడా జరిగింది. ఇక నా దేశభక్తికి పట్టపగ్గాలు లేవు.

ఆ కట్టడం గేటు దగ్గర ఒక కాపలా తాత ఉండేవాడు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. జీతంతో పాటు గేటు పక్కన గది ఇచ్చారు. మంచం పట్టిన భార్యతో అందులోనే కాపురం. పని పోతే ఆ నీడా పోతుందని మా అందరికీ తెలుసు.

పంద్రాగస్టున మాకు పంచిన కాగితం జెండాలు మర్నాటికల్లా ఎర్రమట్టిలో పడి, లారీల కింద నలిగాయి. ఆ సాయంత్రం గోడ వెనక్కి వెళ్తే, కాపలా తాత వాటిని ఇనుప తట్టలో వేసి కాలుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందూ వెనకా చూడకుండా, "ద్రోహి! మన జెండ కాలుస్తుండు!" అని గొంతు చించుకున్నాను. పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకడు ఆయన చెంప మీద కొట్టాడు.

"చినిగిన జెండను పటాలంల గిట్లనే సాగనంపుతం. కాళ్ళ కింద పడనియ్యం, నలుగురి ముంగట చెయ్యం," అన్నాడాయన. వినేదెవరు?

అప్పుడు చూశాను. ఆయన చెప్పులు దూరంగా విడిచి ఉన్నాయి. మిగిలిన జెండాలు మట్టి తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నాకు విషయం అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. అంత మందిని పిలిచాక తప్పు నాదని చెప్పడానికి భయమేసింది. గుత్తేదారు మనిషి వచ్చి, పొద్దున్నే గది ఖాళీ చెయ్యమన్నాడు.

తెల్లారి ఆటోలో ముసలమ్మను కూర్చోబెట్టి, ట్రంకు పెట్టె ఎక్కిస్తుంటే నేను ఏడుస్తూ వెళ్ళాను. ఆయన నా తల నిమిరాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. చూసిందే చెప్పినవ్. జర నన్నడిగి చెప్తే మంచిగుంటుండె," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఉన్నదంతా అలసటే. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఎప్పుడో, పాడైన జెండాను చాటుగా, మర్యాదగా కాల్చమనే నియమం ఉందని చదివాను. తప్పు ఒప్పుకుందామంటే ఆయన ఎక్కడున్నాడో తెలియదు. మియాపూర్ వైపు వెళ్ళారని ఎవరో అంటే అక్కడా వెతికాను. ఆయన కనబడలేదు.

ఇప్పుడు టీవీ పెడితే, ఫోన్ తెరిస్తే ఎవరో ఒకరిని ద్రోహి అంటూనే ఉన్నారు. వినీ వినీ విసిగిపోయాను. కానీ ఆ కేకల్లో నాకు ముందుగా వినబడేది నా పదేళ్ళ గొంతే. దాని వెనకే, నిజం తెలిశాక కూడా నేను మూసుకున్న నోరు గుర్తొస్తుంది. కేకకన్నా అదే ఎక్కువ బాధపెడుతుంది.