వంటింట్లో అన్న మాట

పోయిన శనివారం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఒకరింట్లో పాట్‌లక్, తలా ఒక వంట చేసి తీసుకెళ్ళే విందు. ప్రభుత్వం అందరి ఫోన్ల వివరాలూ దాచిపెడుతోందని టీవీలో వారం రోజులుగా ఊదరగొడుతున్నారు కదా, మగవాళ్ళంతా అదే మాట్లాడుకుంటున్నారు. మా ఆయన స్నేహితుడొకరు గారె తుంచుకుంటూ, "మనమేం తప్పు చేశాం అక్కా? వింటే విననివ్వండి. నా ఫోన్‌లో వీసా స్టేటస్, మా అమ్మ మోకాళ్ళ నొప్పులు తప్ప ఏముంది?" అన్నారు. మా ఆయన భయంగా నా వంక చూశారు. ఒకప్పుడు ఇలాంటి మాటని నేను ఊరికే వదిలిపెట్టిన దాఖలా లేదు, పాతికేళ్ళ కాపురంలో ఆ భయం ఆయనకి అలవాటైపోయింది. ఈసారి వదిలిపెట్టాను. ఇంకో గరిటె గోంగూర పప్పు వేసుకుని ఓ మూల కూర్చున్నాను. వాదించి గెలవాలన్న ఓపిక నాకు ఎప్పుడో ఒక ఆదివారం ఉదయం, పక్కింటావిడ డైనింగ్ టేబుల్ దగ్గర అయిపోయింది.

అప్పట్లో మేము అట్లాంటాలో ఒక పాత వీధిలో అద్దెకుండేవాళ్ళం. నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. ఎకనామిక్స్ ఎం.ఏ. పట్టా, పదునైన నోరు, రెండూ ఇంట్లో ఖాళీగా పడి ఉండేవి. పక్కింట్లో డెబ్భై దాటిన నల్లజాతి ఆవిడ ఒక్కరే ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడా, బడిపంతులైన ఆవిడ భర్తా సమాన హక్కుల ఉద్యమంలో తిరిగినవాళ్ళు. మీటింగులు వాళ్ళ ముందుగదిలోనే జరిగేవట. పోలీసుల చేతికి చిక్కకూడదని, కాగితం మీద ఒక్క ముక్క కూడా పెట్టకూడదని వాళ్ళ నియమం. వాళ్ళు రాయలేదు కానీ, ప్రభుత్వం రాయించుకుంది. "మీ ఇంటి మీద ఫైలు ఉండే ఉంటుంది, అడిగితే ఇచ్చి తీరాలని చట్టం ఉంది, అడగండి" అని పోరుపెట్టి, అప్లికేషన్ నింపింది నేనే. "మన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, వాళ్ళ ఫైల్స్ తెప్పించే పని నీకెందుకే?" అన్నారు మా ఆయన. "ఉండండి, తర్వాత మనది కూడా తెప్పిస్తాను" అన్నాను.

ఏడాదిన్నర తర్వాత లావుపాటి కవరొకటి వచ్చింది. షుగర్ వల్ల ఆవిడకి చూపు మసకేసింది, అందుకని చదివి వినిపించే పని నాది. ఆవిడ ఊదారంగు టోపీ పెట్టుకుని చర్చికి తయారై కూర్చున్నారు. ప్రతి ఆదివారం కారులో తీసుకెళ్ళే పాత స్నేహితురాలు ఇంకా రాలేదు. పేజీల నిండా నల్ల సిరా పట్టీలు, పేర్లన్నీ వాటి కిందే. మిగిలినవి చదువుతుంటే మొదట్లో బాగానే ఉంది. భర్త ఒక మీటింగ్‌లో మాట్లాడిన మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి. "పోన్లే, ఆయన మాటలు ఎవరో ఒకరు దాచిపెట్టారు" అని ఆవిడ నవ్వారు కూడా. తర్వాతి పేరా నేను అదే ఊపులో చదివేశాను: భర్త ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లలతో తట్టుకోలేనని భార్య అంటోంది, అతన్ని లొంగదీయడానికి అదే దారి. ఆ మరుసటి నెలే ఆయన్ని బడిలోంచి తీసేశారు. ఆయన మళ్ళీ ఎక్కడా పాఠం చెప్పలేదు.

"ఈ మాట మీటింగ్‌లో అన్నారా?" అన్నాను.

"లేదు. వంటింట్లో, గిన్నెలు కడుగుతూ."

"పక్కన ఎవరున్నారు?"

ఆవిడ ఖాళీ కవరు మడిచి పక్కన పెట్టారు. నేను ఊరుకునే రకాన్నా? "గుర్తు తెచ్చుకోండి, ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా!" అన్నాను, బోనులో సాక్షిని నిలబెట్టిన ప్లీడరులాగా.

"కడిగినవి తను తుడిచింది" అన్నారు ఆవిడ, వీధి వైపు చూస్తూ. అక్కడ స్నేహితురాలి కారు అప్పుడే వచ్చి ఆగింది. హారన్ మోగింది.

"వెళ్ళకండి" అన్నాను.

"మరి నన్నెవరు తీసుకెళ్తారు హనీ, నువ్వా? నీకు డ్రైవింగే రాదు." టోపీ సరిచేసుకుంటూ లేచారు. "తన తమ్ముడు అప్పుడు జైల్లో ఉన్నాడు. ఎండాకాలం దాటకుండానే ఇంటికొచ్చేశాడు. కేకు చేసి పెట్టింది నేనే."

కిటికీలోంచి చూశాను. నలభై ఏళ్ళుగా స్నేహితురాలి పక్కన కూర్చున్న మనిషి, ఆ రోజు వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. నల్లవాళ్ళు వెనకే కూర్చోవాలన్న రోజుల్లో బస్సులో ముందు సీటు కోసం దెబ్బలు తిన్న మనిషి. స్నేహితురాలు అద్దాన్ని ఆవిడ వైపు తిప్పుకుని కారు కదిలించారు.

ఆవిడకి కళ్ళు సరిగ్గా కనబడవు. ఆ ఒక్క పేరా నేను దాటేసి ఉండొచ్చు. దాటెయ్యడం మోసం కాదా? ఇప్పటికీ నాతో నేనే వాదించుకుంటూ ఉంటాను, రెండు వైపులా నేనే ఓడిపోతాను. ఆ చలికాలమంతా ఆవిడ వెనక సీట్లోనే వెళ్ళారు. ఎండలు ముదిరాక ఒక ఆదివారం చూద్దును కదా, ముందు సీట్లో ఉన్నారు. సాయంత్రం నోరు ఆపుకోలేక అడిగాను, "క్షమించేశారా?" అని.

"క్షమించడమా?" అన్నారు ఆవిడ. "వెనక కూర్చుంటే తన మాట వినబడటం లేదు, నాకు చెవులు కూడా పోతున్నాయి. మా ఆయన్ని ఎరిగినవాళ్ళలో ఇంక మిగిలింది తనొక్కతే."

నలభై ఏళ్ళు ఆలస్యంగా తెలిసిన ద్రోహం మీద తనివితీరా కోపంగా ఉండటానికి కూడా మనిషికి కొంత ఆయుష్షు చేతిలో ఉండాలి. కాలం ఆవిడకి అంత మిగల్చలేదు.