యురేనియం గీసిన గీతలు

మొన్న టెక్కలిలో కళ్ళ డాక్టరు నా కంట్లో లైటు వేసి చూసి, వయసులో బాగా కుట్టుపని చేశారా అమ్మా అని అడిగాడు. సూదిలో దారం ఎక్కించడం కూడా నాకు చేతకాదనీ, ఆ కళ్ళు యురేనియం గీసిన గీతలు లెక్కపెట్టి అరిగాయనీ చెబితే, వేళాకోళమనుకుని నవ్వేశాడు. మన ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, నమ్ముతారు.

విశాఖలో పరిశోధన చేస్తున్న రోజులవి. యురేనియం పూసిన రేకును పల్చటి ప్లాస్టిక్ బిళ్ళకు ఆనించి రియాక్టరుకు పంపేవాళ్ళం. అక్కడ న్యూట్రాను తగిలి యురేనియం కేంద్రకం రెండుగా చీలితే, ఆ ముక్కల్లో ఒకటి ప్లాస్టిక్‌లోకి దూసుకుపోయి కంటికి కనపడని గాయం చేస్తుంది. తిరిగొచ్చిన బిళ్ళను వేడి కాస్టిక్ సోడాలో నానబెడితే ఆ గాయం వెడల్పై, మైక్రోస్కోపు కింద చిన్న గీతగా కనబడుతుంది. ఆ గీతలు లెక్కపెడితే అలాంటి చీలికలు, అంటే విచ్ఛిత్తులు, ఎన్ని జరిగాయో తేలుతుంది. పని అంతే, కాకపోతే నెలల తరబడి.

నాతోపాటు లెక్కపెట్టే అమ్మాయిది ఇచ్ఛాపురం. కోపమొస్తే ఒడియాలో తిట్టేది. అర్థం కాకపోయినా నేను తెలుగులో రెట్టింపు తిట్టేదాన్ని. ఒకే బిళ్ళ మీద మా ఇద్దరి లెక్కలకూ పొంతన ఉండేది కాదు, ఎప్పుడూ నాదే ఎక్కువ. నెల్లాళ్ళు దెబ్బలాడుకున్నాక, మా చేత పరిశోధన చేయిస్తున్న మాస్టారు విసిగిపోయి, వారంలో లెక్కలు కలవకపోతే ఆ ఏడాది పనంతా నా థీసిస్‌లోంచి తీసేయమన్నారు.

ఉడుకుమోత్తనంతో, మైక్రోస్కోపులోంచి తీసిన బిళ్ళల ఫొటోలు సంచిలో వేసుకుని పలాస రైలెక్కాను. అక్కడ మా పిన్ని జీడిపప్పు ఏరే పని చేసేది. పూర్తి పప్పు, బద్ద, ముక్క, మచ్చ పడ్డది, ఆవిడ వేళ్ళు దేనికది విడదీస్తుంటే కళ్ళు ఎటో చూస్తున్నట్టుండేవి. నేను అరుగు మీద ఫొటోలు పరుచుకుంటే పక్కన చతికిలబడింది.

"ఏటే ఇయ్యి, సీమలు పాకినట్టున్నాయి?"

చెప్పాను. ఒక ఫొటో వెలుతురుకు పెట్టి చూసి, దాని మీద గోరు ఆనించింది.

"ఇయ్యన్నీ ఓ కొలత దాటలేదు. మరి ఇదేటే, ఈ సివర్నుంచి ఆ సివరికి పోనాది? ఇది నీ యురేనియం కాదు, ఎవులో గోకీసినారు."

కేంద్రకం ముక్క ఎంత వేగంతో వచ్చినా కొంత దూరం పోయి ఆగిపోతుందనీ, అంతకు మించిన గీత ఉండడానికి వీల్లేదనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. బిళ్ళ తుడిచినప్పుడు పడ్డ గీరలన్నీ కలిపి లెక్కపెట్టింది కూడా నేనే. అయినా ఊరుకున్నానా, సాయంత్రం దాకా వాదించాను.

"నీకు సదువొచ్చు గానీ సూడ్డం రాదే అమ్మీ" అని పిన్ని చేటెడు పప్పు నా ముందు పెట్టి ఏరమంది. ఏరితే, సగం తప్పని మళ్ళీ కలిపేసి ఇంకోసారి ఏరమంది. రెండోసారి బద్దకూ ముక్కకూ తేడా కంటికి ఆనాక, ఆ పొడుగు గీతల సంగతీ ఒప్పుకోక తప్పలేదు.

తిరిగి వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకుంటే ఇచ్ఛాపురం పిల్ల నవ్వి, "ఇది సెప్పడానికా మొకం అంత సేసుకున్నావు?" అంది. పూర్తిగా ఓడిపోవడం నాకు చేతకాదు కదా, ఆ పిల్ల లెక్కల్లోనూ తప్పు వెదికాను. నిలువునా లోపలికి దిగిన గాయాలు చుక్కల్లా కనబడతాయి, వాటిని మురికనుకుని వదిలేసింది. ఆ వారం మైక్రోస్కోపుకు ఆ పక్కా ఈ పక్కా కూర్చుని, ఒకరి బిళ్ళ ఒకరం మార్చుకుంటూ, ప్రతి గీతకూ దెబ్బలాడుకుంటూ మొదటినుంచీ లెక్కపెట్టాం. ఇద్దరి అంకెలూ కాస్త తేడాతో కలిశాయి. మాస్టారు రెండు నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసి, సంతకం చేశారు.

ఇప్పుడా లెక్క కంప్యూటరు చేస్తుంది, మంచిదే. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను పాఠం చెప్పే కాలేజీ పిల్లలు బుద్ధిమంతులు, నేనేం చెప్పినా రాసుకుంటారు. నిరుడు పొరపాటున బోర్డు మీద ఒక లెక్క తప్పు వేస్తే, క్లాసంతా ఆ తప్పునే పొందికగా పుస్తకాల్లోకి ఎక్కించుకుంది, ఒక్కరైనా కాదనలేదు. ఇంటికొచ్చినా మనసు కుదురుగా లేక ఆనాటి ఇచ్ఛాపురం పిల్లకు ఫోను చేశాను. ఏ విషయమో ఇప్పుడు గుర్తులేదు గానీ, ఆవిడతో ఒక గంట వాదించాక గానీ అన్నం సయించలేదు.