బల్ల కింది టీచరమ్మ

ఒకటో తరగతి టీచరమ్మ చేతిలో వస్తువు నిలవదు. పెన్సిల్ పడుతుంది, సుద్దముక్క పడుతుంది, ఒక్కోసారి కళ్లజోడే పడుతుంది. పిల్లలు తీసిస్తామంటే ఒప్పుకోదు. "అమ్మో, నా మోకాళ్లు!" అంటూ తానే బల్ల కిందికి దూరుతుంది. దూరిన మనిషి ఓ పట్టాన బయటికి రాదు. బడిలో చాలామందికి ఆమె ముఖం కంటే వీపే బాగా గుర్తు.

అదే గదిలో సాయానికి కొత్తగా చేరిన చిన్న టీచరుకు ఇదంతా చూస్తే ప్రాణం ఉసూరుమనేది. రోజూ ఉదయం చిన్న బల్ల చుట్టూ ఐదుగురు పిల్లలు కూర్చుంటారు. అందరి చేతుల్లోనూ ఒకే బొమ్మల పుస్తకం. ఎవరికి వారు గొణుక్కుంటూ చదువుతుంటే టీచరమ్మ ఒక్కొక్కరి పక్కనే చేరి వింటుంది. వింటూ వింటూ ఉండగానే, టప్!

"డాక్టరు వంగొద్దన్నాడు కదా మేడమ్!"

"వంగుతున్నానా ఏంటి? వెతుకుతున్నాను."

"మీ కాలి దగ్గరే ఉంది!"

"ఏ కాలి దగ్గర?"

ఉన్నవి రెండే కాళ్లు. అయినా తేలడానికి రెండు నిమిషాలు పట్టేది.

సాయంత్రం ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన భర్తను చిన్న టీచరు అడిగేసింది. "ఇంట్లో కూడా ఇంతేనా అంకుల్?"

"ఇంట్లోనా? ముప్ఫై ఏళ్లలో ఒక్క గ్లాసు జారవిడవలేదమ్మా. జారవిడిచేది నేను, తిట్లు తినేదీ నేనే."

పాపం, భార్యను వెనకేసుకొస్తున్నాడనుకుంది చిన్న టీచరు.

ఇంతలో తనిఖీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ ఐదుగురిలో ఒక రెండు జడల పిల్ల ఉంది. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంటుంది. అధికారి ముందు ఒక్క పేజీ అయినా చదవకపోతే దాన్ని మళ్లీ శిశుతరగతికి పంపేస్తానని హెడ్మాస్టరు తేల్చి చెప్పాడు. టీచరమ్మకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అధికారి ముందు పరువు పోకూడదని చిన్న టీచరు ఓ ఉపాయం చేసింది. సుద్దముక్కలన్నీ బీరువాలో పెట్టేసింది. కళ్లజోడుకు తాడు తగిలించింది. పెన్సిల్‌ను దారంతో బల్లకు కట్టేసింది.

"ఎంత పని చేశావమ్మాయ్!" అంది టీచరమ్మ.

మెచ్చుకుంటోందనుకుని చిన్న టీచరు మురిసిపోయింది.

అధికారి పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. రెండు జడల పిల్ల మొదలుపెట్టింది. "వాన వచ్చింది. కప్ప..." అని ఆగిపోయింది. టీచరమ్మ పెన్సిల్ వదిలింది. అది పడకుండా గాల్లో ఊగింది. కళ్లజోడు వదిలింది. అది గుండెల మీద వాలింది. పిల్ల తలెత్తి చూసింది. ఎదురుగా రెండు పెద్ద ముఖాలు. పెదాలు మూతపడ్డాయి. టీచరమ్మ ఇంకేమైనా దొరుకుతుందేమోనని బల్లంతా తడిమింది.

అప్పుడు వెలిగింది చిన్న టీచరుకు. టీచరమ్మ బల్ల కింద ఉన్నప్పుడల్లా పైన ఎవరో ఒకరు ఆగిపోయిన మాటను తమంతట తామే పూర్తి చేసేవాళ్లు. ఇన్నాళ్లూ తాను విసుక్కున్నందుకు సిగ్గేసింది. వెంటనే చేతిలోని హాజరుపట్టీ జారవిడిచి "అయ్యో!" అంటూ బల్ల కిందికి దూకింది. వెనకే టీచరమ్మ, మోకాళ్లతో సహా.

"ఏం పడిందండీ?" అన్నాడు అధికారి.

"మీ పెన్ను సార్!" అంది చిన్న టీచరు.

"నా పెన్ను జేబులోనే..."

"కిందే ఉంటుంది, మీరూ చూడండి!" అంది టీచరమ్మ.

ఆయన వంగాడు. టీచరమ్మ పెదాల మీద వేలు పెట్టింది. పైన వేలు బొమ్మ మీద రాసుకున్న చప్పుడు. తర్వాత సన్నటి గొంతు. "కప్ప... గొ... గొడుగు... గొడుగు కిందికి వచ్చింది."

లేవబోతే టీచరమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది. "కూర్చోండి సార్, ఇంకో పేజీ ఉంది."

కాసేపటికి రెండు జడలు బల్ల అంచు నుంచి కిందికి వేలాడాయి.

"అయిపోయింది టీచర్. దొరికిందా?"

"దొరికిందమ్మా!" అన్నారు ముగ్గురూ.

పిల్ల ఒకటో తరగతిలోనే ఉండిపోయింది. మర్నాడు చిన్న టీచరే కత్తెర తెచ్చి ఆ దారం తెంపేసింది. ఇప్పుడా గదిలో రోజూ రెండు పెన్సిళ్లు పడుతున్నాయి.