లోవమ్మ కప్పు దిగిన చోటు

ఆ రోజుల్లో నర్సీపట్నంలో గొడ్డును కట్టేసుకునే చోటుకు కూడా అద్దె వచ్చేది. మన్యంలో దొరతనం మీద పితూరీ లేచాక పోలీసు పటాలాలు ఊరి మీద వాలాయి. వాళ్ల వెనకే వంటవాళ్లు, కంట్రాక్టర్లు, చాకళ్లు వచ్చారు. అందరికీ తల దాచుకునే చోటు కావాలి. మాకవరపాలెం నుంచీ సర్వసిద్ధి రాయవరం నుంచీ ఆసాములు వచ్చి ఖాళీ జాగాలకు బేరాలు పెట్టారు. అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు, ఇంకో పదేళ్లలో ఈ ఊరు విశాఖపట్నాన్ని మించిపోతుందని తేల్చేశారు. పెద్దమనుషులకు భవిష్యత్తు ఎప్పుడూ వాళ్ల పెరట్లోంచే కనబడుతుంది.

సోమసుందరంగారికీ అలాగే కనబడింది. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ చేసి విరమించినవారు. ఆయన పెరటి మూల లోవమ్మ పాక ఉండేది. మొగుడు పోయిన మనిషి. కొండల నుంచి వచ్చే అడ్డాకులతో విస్తళ్లు కుట్టి అమ్ముకునేది. పెరడు ఊడ్చి కళ్లాపి చల్లినందుకు ఆ మూల ఉండనిచ్చారు. నేల ఆయనది, కప్పు ఆమెది.

"లోవా, ఈ మూల గదులు కట్టిస్తున్నానే. వానలు పడకముందే ఖాళీ చెయ్యాలి" అన్నారాయన ఒక సాయంత్రం.

"అలాగేనండి బాబూ. మరి నానెక్కడికెల్తానండి?"

"ఇంత ఊరుంది. నీకో మూల దొరకదూ?"

దొరకలేదు. ఆమె అడిగిన ప్రతి మూలలోనూ ఎవరో ఒకరు గది కట్టిస్తున్నారు. చివరికి ఆడపడుచు అప్పయమ్మ, ఊరికి బాగా ఎడంగా ఉన్న తన పెరట్లో చోటిస్తానంది. అక్కడ పాక నిలుస్తుంది గానీ పని నిలవదు. ఆకు సంతకు వస్తుంది, విస్తరి కొనేవాళ్లు బజారులో ఉంటారు. అంత దూరం ఎవరు వస్తారు? ఆ సంగతి తెలిసే లోవమ్మ సరేనంది. మేఘం కమ్ముతూంటే కాదనడానికి ఎవరికి చేతనవుతుంది?

పాక కదిలించడమంటే తడికలు విప్పి బండికెత్తి, తాటాకు కప్పును వాసాలతో సహా మనుషులు లోపల నిలబడి భుజాల మీద మోసుకుపోవడమే. ఆ ఊరివాళ్లకు ఇందులో ఒక పట్టింపు ఉంది. కప్పు దారిలో నేల తాకకూడదు. తాకితే ఇల్లు అక్కడ దిగినట్టే. మళ్లీ లేపితే ఆ ఇంటి మనిషికి నిలకడ ఉండదంటారు. అందుకే మోసేవాళ్లతో పాటు భుజం మార్చేవాళ్లు కూడా నడుస్తారు.

తెల్లారగానే అందరూ లోవమ్మ పోసిన అంబలి తాగారు. మోసేవాళ్లలో పెద్దవాడు జోగులు ముందు వాసం పట్టాడు.

"ఒలే లోవా, నువ్వు కూడా పైకెక్కి కూకోవే. పెళ్లికూతురల్లే ఎల్తావు" అంది పొరుగింటి గున్నమ్మ.

"నానెక్కితే జోగులు మావ నడుం ఇరిగిపోద్ది."

"ఇరగడానికేటుంది? ఎప్పుడో ఇరిగిపోనాది. బేగి నడవండెహె!" అన్నాడు జోగులు కప్పు లోపలి నుంచి.

నవ్వుకుంటూ కదిలారు. కొండల దారి మలుపు దగ్గరికి వచ్చేసరికి హారన్లు మోగాయి. పోలీసు లారీలు వరసగా వస్తున్నాయి. మోసేవాళ్లు కప్పుతో సహా పక్కనున్న బీడు నేలలోకి దిగారు. భుజం మార్చేవాళ్లు కంగారులో రోడ్డుకు అవతలి వైపు దూకారు. లారీ వెనక లారీ. దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడటం లేదు. ఈవలికి రావడానికి సందు లేదు.

"ఇంకాగలేం! దింపెయ్యండ్రా!" అని జోగులు కేక పెట్టాడు.

దుమ్ము అణిగేసరికి కప్పు బీడులో గొడుగులా కూర్చుని ఉంది. లోవమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని చతికిలబడింది. ఆ బీడు వర్ధనమ్మగారిది. ప్లీడరుగారి భార్య, ఆయన పోయాక జీడితోటలో ఒంటరిగా ఉంటోంది. ఆవిడ నోటికి కచేరీ బంట్రోతులే భయపడతారు.

కర్ర పట్టుకుని ఆవిడ రానే వచ్చింది. "ఎవర్రా నా జాగాలో కప్పు దింపింది?"

"మేం దింపలేదమ్మా. అదే దిగిపోనాది" అన్నాడు జోగులు.

"తనంతట తను దిగడానికి అదేమన్నా గద్దటరా?"

లోవమ్మ లేచి దణ్ణం పెట్టింది. "తప్పయిపోనాదమ్మా. ఇప్పుడే లేపించేత్తాను."

వర్ధనమ్మగారు కప్పు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆవిడా ఈ ఊళ్లో పుట్టిన మనిషే. "లేపిస్తావుటే? దిగిన ఇల్లు లేపించిన పాపం నా నెత్తిన రుద్దుతావా? ఉండు. గుమ్మం మాత్రం రోడ్డు వైపు పెట్టు. నా వంటింటి వైపు పెట్టావో, చీపురు తిరగేస్తాను."

"మీకేటిమ్మా ఇయ్యాలి?"

"విస్తళ్లు. చిరుగుల్లేనివి."

ఆ సాయంత్రానికే తడికలు నిలబడ్డాయి, రాత్రి వాన పడింది. కప్పు ఒక్క చుక్క కారలేదు.

మలుపు మంచి చోటని తర్వాత తెలిసింది. ఇదివరకు కొండ దిగి వచ్చే సింగన్న, ఆకు కావడితో సంత దాటి, పెరళ్ల సందులన్నీ తిరిగి ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఇప్పుడు కొండవాళ్లందరూ సంతకు పోతూ అక్కడే బరువు దింపి, నీళ్లు తాగి, ఆకు ఇచ్చి పోతున్నారు. బజారువాళ్లు అక్కడికే వచ్చి విస్తళ్లు పట్టుకుపోతున్నారు. పక్కన ఒక కుమ్మరి కుండలు పరిచాడు. వర్ధనమ్మగారు రోజూ తిట్టడానికి వచ్చి, దీపాలు పెట్టేవేళ దాకా కబుర్లు చెప్పి పోయేది.

పితూరీ అణిగింది. లారీలు వచ్చిన దారినే పోయాయి. సోమసుందరంగారి గదుల్లో గబ్బిలాలు చేరాయి. అరుగుల మీది పెద్దమనుషులు, ఈ ఊరికిక పుట్టగతుల్లేవని అంతే నమ్మకంగా తేల్చేశారు.

ఒక సంత రోజున సోమసుందరంగారు మలుపు దాకా వచ్చారు. లోవమ్మ గుమ్మంలో కూర్చుని ఆకు కుడుతోంది. సింగన్న కట్టలు విప్పుతున్నాడు.

"పెరడు అడవైపోయిందే లోవా. వచ్చెయ్యి. ఈసారి గదే ఇస్తాను. పెంకుల కప్పు."

"మీ దయండి బాబూ. ఇక్కడ దిగిపోనాను కదండి. మరి లేవకూడదు."

ఆయన కాసేపు రోడ్డు మీద జనాన్ని చూశారు. గొంతు తగ్గించి, "ఈ పక్క జాగా వర్ధనమ్మగారు ఎవరికైనా ఇస్తుందంటావా?" అన్నారు.

లోవమ్మ పుల్ల పంటితో కొరికి, విస్తరి పక్కన పెట్టింది.

"అడిగితే ఆయమ్మ ఇవ్వదండి. మీ గదుల్ని మా జోగులు మావోళ్ల సేత మోయించి, లారీ వొచ్చినప్పుడు దింపించెయ్యండి."

సింగన్న నవ్వాపుకోలేక ఆకుకట్ట మీద పడ్డాడు. సోమసుందరంగారికి కూడా నవ్వొచ్చింది. ఆయన కుమ్మరి దగ్గర అవసరం లేని కుండ ఒకటి బేరమాడి, ఇంటికి పట్టుకుపోయారు.