ఐదుకు పైన, ఐదున్నరకు కింద

నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. పత్తికొండ దాటాక ఎర్రనేల మధ్య కంచె వేసిన ఒక ఆవరణ, అందులో రెండు గదుల కట్టడం, దాని ముందు కంకర మీద నిలబడిన, కడుపు నిండా నూనె ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. ఆ కంకర కింది నేల ఒకప్పుడు మాది. మా తాత హయాంలో అక్కడ ఉలవలు పండేవి. భూమి చేతులు మారింది గానీ మా వంశం అక్కడి నుంచి కదల్లేదని నలుగురికీ చెబుతుంటాను. రోజుకు ఎనిమిది గంటలే కదా అని ఎవరైనా అంటే వాళ్లతో మాట్లాడటం మానేస్తాను.

మా ఇంటి నుంచి నాకు దక్కినవి రెండు. ఒకటి దొర అనే పిలుపు, రెండోది ఫిడేలు. పిలుపులో ఇప్పుడు సగం వెక్కిరింపు ఉంది. ఫిడేలుకు ఒక పక్క పగులు ఉంది. రెండింటినీ శుభ్రంగా తుడిచి వాడుకుంటున్నాను.

ఫిడేలు మా తాత కొన్నది. వాయించడానికి కాదు, ఫొటో దిగడానికి. ఆ ఫొటోలో ఆయన దాన్ని కుడి భుజం మీద పెట్టుకుని, కమానును కత్తిలా పట్టుకుని, ఎవరినో నరకబోయేవాడిలా చూస్తుంటాడు. సంగీతమంటే ఆయనకు ప్రాణమని ఇంట్లో చెప్పుకునేవారు. కచేరీ పెట్టించి, మొదటి కీర్తనకే నిద్రపోయి, మృదంగం మోతకు ఉలిక్కిపడి లేచి "భళా" అనేవాడట. పాపం, ఆ విద్వాంసులు కూడా ఆయన లేచే వేళ చూసుకునే ముగించేవారట.

నిజంగా నాకు వాయించడం నేర్పింది కడపలో ఉన్న మా చిన్నాన్న. సంగీతం మాస్టారుగా రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు నన్ను ఆయన దగ్గర దిగబెట్టేవాళ్లు. "మనింటి చెవి వేరేరా. శ్రుతి మన రక్తంలోనే ఉండాది" అనేవాడు, నా చెవిని మెలిపెడుతూ. ఆ నొప్పితో పాటు ఆ మాట కూడా నాలో ఉండిపోయింది.

ఉద్యోగం కష్టమైనదేమీ కాదు, గొప్పదీ కాదు. మీటర్లు చూడాలి. పైనుంచి చెప్పిన వేళకు ఒక వైపు ఊళ్లకు కరెంటు ఇవ్వాలి, ఇంకో వైపు ఊళ్లకు తీసేయాలి. మధ్యలో ఫోన్ ఎత్తాలి.

"ఏం దొరా, త్రీఫేజు ఎప్పుడిస్తావు? టమోటా వాడిపోతాండాది."

"పైనుంచి చెప్పాల."

"పైనుంచి అంటే యాడ్నించి? మీ తాత దగ్గర్నించా?"

ఒకప్పుడు వీళ్ల పెద్దవాళ్లు మా బావి నీళ్ల కోసం మా గడప ముందు చెప్పులు విప్పి నిలబడేవారు. ఇప్పుడు బోరు మోటర్ల కోసం వీళ్లు నాకు ఫోన్ చేస్తారు. అధికారం ఇంకా మా ఇంట్లోనే ఉందని నేనంటాను. చెప్పులు విప్పారో లేదో ఫోన్‌లో కనపడదు.

ఒక ఫోన్‌కూ ఇంకో ఫోన్‌కూ మధ్య వరండాలో కుర్చీ వేసుకుని సాధన చేసేవాణ్ణి. ఇంట్లో వాయించే ప్రశ్నే లేదు. పత్తికొండలో నేనుండేది శెట్టిగారి కిరాణా కొట్టు మీది వాటా. మొదటి రోజే ఆయన పైకి వచ్చి, బేరాలు పోతున్నాయని మర్యాదగా చెప్పాడు. కాబట్టి నా సంగీతమంతా డ్యూటీలోనే. శ్రుతిపెట్టె ఎప్పుడో పాడైంది, కొత్తది కొనలేదు. అవసరం రాలేదు. ఫిడేలు భుజాన పెట్టగానే చెయ్యి దానంతటదే తీగ బిగించే బిరడాను తిప్పి, ఎప్పుడూ ఒకే చోట ఆగేది. ఇంటి చెవి అంటే ఇదే అనుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ హోరు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో తలనొప్పి తెప్పించేది. తర్వాత వినపడటం మానేసింది.

సబ్‌స్టేషన్ గోడకు అవతల చర్చి. రాతి గోడల పాత చర్చి, మా ట్రాన్స్‌ఫార్మర్ కంటే చాలా ముందు నుంచీ ఉంది. సాయంత్రాలు ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి అక్కడ పాటలు పాడుకునేవారు. వాళ్లను నడిపించేది ఒక పెద్దామె. పగలు టమోటా కోతకు కూలీలను కూడగట్టే మేస్త్రీ. పొలంలో అరిచిన గొంతుతోనే చర్చిలో పాడేది, దేవుడు కూడా కోతకు ఆలస్యంగా వచ్చినట్టు. ఒకరోజు ఆమె గోడ మీద నుంచి తల పెట్టింది.

"దొరా, ఆ పిల్లిని కొంచేపు ఇడ్సిపెట్టప్పా. మేం పాడుకోవాల."

"పిల్లి కాదమ్మా. కల్యాణి."

"పేరేదైనా, దానికి ఆకలైతాండాది."

నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ అదే తల అదే గోడ మీద కనపడింది. వాళ్ల పాట ఒకటి రికార్డు చేసి వీడియో పెడతారట, కర్నూలు నుంచి కీబోర్డు ఆయన వస్తాడట, ఫిడేలు నేను వాయిస్తానా అని.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నన్ను వాయించమని అడిగినవాళ్లు లేరు, ఆపమన్నవాళ్లే. గోడ దూకి వెళ్లాలనిపించింది. కానీ వంగడం అలవాటు లేని మా ఇంటి వీపు ఒప్పుకోలేదు. మా ఇంట్లో కళాకారుణ్ణి పిలవడానికి ఒక పద్ధతి ఉందనీ, పెద్దమనిషి స్వయంగా వచ్చి తాంబూలం ఇవ్వాలనీ చెప్పాను. ఆమె గోడ దిగిపోయింది. మర్నాడు పాస్టరుగారు పళ్లెంతో వచ్చారు. అరటిపండ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్.

"ఆకు వక్క మాకు అలవాటు ల్యాదు దొరా. బిస్కెట్లు పర్వాల్యాదా?"

నిటారుగా కూర్చుని బిస్కెట్ ప్యాకెట్‌ను రెండు చేతులా స్వీకరించాను.

మొదటి రిహార్సల్ చర్చిలోనే జరిగింది. కీబోర్డు ఆయన లోపల కూడా నల్లకళ్లద్దాలు తీయలేదు. వచ్చీ రాగానే మీటలు నొక్కాడు, నేను కమాను వేశాను, ఆయన ఆపేశాడు.

"ఏమప్పా, మీ ఫిడేలు శ్రుతిలో ల్యాదు."

"శ్రుతి మా ఇంట్లో పుట్టింది. మా రక్తంలో ఉంది."

"పుడితే పుట్టింది గానీ, ఈడికి రాల్యా."

ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నన్ను పక్కన పెట్టి వాళ్లను పాడమన్నాడు. ఐదో శ్రుతి ఇచ్చాడు. మొదటి చరణం దాటేసరికి వాళ్లు కొంచెం పైకి జరిగారు. ఐదున్నరకు పెంచాడు. ఈసారి కిందికి జారారు. ఎటు నుంచి మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది నా ఫిడేలు దగ్గరే. ఐదుకు కొంచెం పైన, ఐదున్నరకు బాగా కింద. కీబోర్డులో ఆ స్వరమే లేదు. రెండు మెట్ల మధ్య సందులో ఉంది.

"వీళ్లంతా సందులో పడి పాడతాండారు. నువ్వు గాని నేర్పినావా?"

మంచి వాద్యం వినపడితే గొంతు దాని వెంట పోవడం సహజమేనని చెప్పాను.

"నువ్వు ఈడికి రాకముందు గూడా మేం ఇట్లే పాడేటోళ్లం" అంది పెద్దామె.

కీబోర్డు ఆయన ఇక వాదించలేదు. ఒక బటన్ నొక్కాడు. కీబోర్డులో నుంచి ఫిడేలు మోగింది. పాకంలో ముంచి తీసినట్టు, గీరుడు లేదు, పగులు లేదు. "శానా బాగుండాదే" అంది వెనక నుంచి ఒకావిడ. మా వంశం కోర్టుల్లో ఓడింది, ఎన్నికల్లో ఓడింది. ఒక బటన్ చేతిలో ఓడటం మాత్రం అదే మొదటిసారి అవుతుంది.

పోతూ పోతూ ఆయన షరతు పెట్టాడు. గోడ అవతలి హోరు మైకులోకి వస్తోంది. రిపేర్ల కోసం సబ్‌స్టేషన్ ఆపేసే షట్‌డౌన్ రోజున రికార్డింగ్ పెట్టుకుందాం. ఆరోజు ఫిడేలు కలిస్తే ఫిడేలు, కలవకపోతే బటన్.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. షట్‌డౌన్ రోజు డ్యూటీ నాది. లైన్ల మీద మనుషులుంటారు, తాళాలు పట్టుకున్న ఆపరేటర్ కుర్చీ వదలకూడదు. తోటి ఆపరేటర్‌ను అడిగాను.

"నువ్వు సువార్త పాటకు పోతే, నేను ఈడ తాళాలు పట్టుకోని కూసోవాల్నా?"

"ఒక్క పూట."

"సరే. ఎండాకాలమంతా నా మధ్యాన్నం డ్యూటీలు నువ్వు చెయ్యి."

వెంటనే ఒప్పుకున్నాను. మా తాత ఇంతకన్నా తేలిగ్గా పొలాలు రాసిచ్చాడు.

ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ ఆగగానే, అంతటి నిశ్శబ్దం ఆ చోట ఎప్పుడైనా ఉందా అనిపించింది. దూరంగా రోడ్డు మీద ఆటో గేరు మార్చడం కూడా వినపడింది. చర్చిలో పాస్టరుగారి ఇన్వర్టర్ మీద కీబోర్డు, ల్యాప్‌టాప్ నడుస్తున్నాయి. కీబోర్డు ఆయన సంతోషంగా వేళ్లు విరుచుకున్నాడు. నేను ఫిడేలు భుజాన పెట్టి బిరడా తిప్పాను.

చెయ్యి ఆగలేదు.

పైకి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. సరైన చోటు ఎక్కడో దానికి తెలియడం లేదు. అందరూ చూస్తున్నారని ఏదో ఒక చోట ఆపేశాను. పెద్దామె పాట ఎత్తుకుంది. ఎంత పైన ఎత్తుకుందంటే రెండో మాటకే గొంతు అందలేదు. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎంత కిందంటే బావిలో నుంచి పిలిచినట్టు ఉంది. వెనకున్న ఆడవాళ్లు తలా ఒక దారిన పోయారు.

"గొంతులో ఏందో అడ్డం పడినట్టుండాది" అంది ఆమె, గొంతు పట్టుకుని.

"ఏం దొరా, మీ ఇంటి శ్రుతి యాడికి పోయింది?" అన్నాడు కీబోర్డు ఆయన, బటన్ మీద వేలు పెట్టి.

నేను వీపు నిటారుగా పెట్టుకున్నాను. నా దగ్గర సరిగ్గా ఉన్నది అదొక్కటే. ఆమె మూడోసారి ఎత్తుకుంది. అది కూడా కూలిపోతుండగా గోడ అవతల ధబ్‌మని ఒక చప్పుడు. పని ముందే అయిపోయి, నా కుర్చీలో ఉన్న తోటి ఆపరేటర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మళ్లీ కరెంటు ఎక్కించాడు. వెంటనే హోరు మొదలైంది.

ఆమె గొంతు పీట చూసి కూర్చున్నట్టు దాని మీద కూర్చుంది. మాట మధ్యలోనే. ఒక్కొక్కరే మిగతావాళ్లూ వచ్చి చేరారు. నా చెయ్యి బిరడాను కాస్త తిప్పి, తనంతట తానే ఆగింది. పాట పూర్తయ్యేదాకా ఎవరూ ఎవరినీ చూడలేదు.

కీబోర్డు ఆయన బటన్ మీద నుంచి వేలు తీశాడు. కిటికీ దగ్గరకు పోయి చెవి పెట్టాడు. తిరిగివచ్చి నల్లకళ్లద్దాలు తీశాడు.

"మీ అందరికీ గురువు ఆ నూనె డబ్బానా?"

చర్చి మొత్తం నవ్వింది. పాస్టరుగారు కూడా. నేను నవ్వలేదు.

"అయితే దొరా, మనం ఒకే అయ్యవారి దగ్గర చదువుకున్నోళ్లం" అంది పెద్దామె. "నువ్వు ముందు బెంచీ, మేం గోడకు అవతల."

"నాది జీతం ఉన్న చదువు" అన్నాను.

కీబోర్డు ఆయన మెషీన్‌లో ఏవేవో నొక్కి శ్రుతిని రవ్వంత పైకి జరిపాడు. కీబోర్డు వచ్చి మా సందులో పడింది. అప్పుడు, అలవాటు కొద్దీ, ఫిడేలు బటన్ నొక్కాడు. ఆ పాకం మళ్లీ కారింది. నేను కమానును పెట్టెలో పెట్టబోయాను.

"వద్దులేప్పా" అంది పెద్దామె. "అది కడుపు నిండిన పిల్లి. మా పిల్లే ఉండనీ."

నా వాయింపే రికార్డయింది. హోరును తీసేయడం కుదరదని కీబోర్డు ఆయన అలాగే వదిలేశాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, నాది కాని డ్యూటీలో కూర్చుని చెమటలు కక్కుతుంటే కడప నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. వీడియో నేనే పంపాను.

"విన్యా. ఫిడేలు సుమారుగా ఉండాది."

"ఊఁ."

"ఆ తంబూర ఎవరురా? మొదట్నించి చివరిదాకా వెంట్రుకవాసి కదల్యా. అట్లాంటి తంబూర విని శానా ఏండ్లయింది. ఎవరు వాళ్లు?"

కిటికీలో నుంచి బయటికి చూశాను. కంకర మీద ఎండ మండుతోంది. వీపు సరిచేసుకుని కూర్చున్నాను.

"మనోడే చిన్నాన్నా. మన ఉలవచేన్లోనే ఉంటాడు."

"సెప్పల్యా?" అన్నాడు చిన్నాన్న. "రక్తం యాడికి పోతాదిరా."