ఆదివారం కూడా ఇచ్చేసిన తల్లి

మా వెనక పోర్షన్లో పన్నెండేళ్ళుగా కిరాయికుంటున్న ఆమె పోయిన నెల ఒక గురువారం పొద్దున చనిపోయింది. ఆ మధ్యాహ్నం, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, ఆమె కూతురు మా వంటింట్లో కూర్చుని కడుపునిండా అన్నం తింది. వచ్చినవాళ్ళు తలుపులోంచి తొంగిచూసి, "పాపం, దానికేం తెలుసు," అని ముక్కు చీదారు. తెలియనిది వాళ్ళకు. ఆ అన్నం వెనక ఎంత కాఠిన్యం ఉందో ఏడేళ్ళు దగ్గరుండి చూసినదాన్ని నేను.

కూతురికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. మాకందరికీ పాపే. పుట్టుకతోనే ఎదుగుదల లోపం, మాట రాలేదు. తల్లి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నోటి దగ్గరికొస్తే పళ్ళు బిగబట్టేది. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. ఆయనకు ఈ ఒక్క వాక్యమే ఎక్కువ. తల్లి కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో గోళీల ప్యాకింగుకు పోయేది. పొద్దున ఆరున్నర బస్సుకు వెళితే రాత్రి ఏడింటికి దిగేది. అంతసేపూ పాప మా వరండాలో ఖాళీ కడుపుతో కూర్చునేది. నేను జాలిపడేదాన్ని. జాలికి పొయ్యి వెలిగించనక్కరలేదు.

ఏడేళ్ళ కిందట పట్నం నుంచి ఒక పరిశోధన బృందం వచ్చి, ఇలాంటి పిల్లలున్న కుటుంబాల మీద అధ్యయనం మొదలుపెట్టింది. సంగారెడ్డిలో ఒక హాల్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి, "మీ తర్వాత ఎవరు?" అని అడిగారట. ఆమె సాయంత్రం వచ్చి చెప్పింది.

"అందరు ఏడ్సిండ్రు టీచరమ్మా. ఏడ్సుడు అయినంక పులిహోర పొట్లాలు పంచిండ్రు."

"నువ్వు ఏడ్వలేదా?"

"నాకేడ టైముంది? మన గల్లీల ఇండ్లు లెక్కపెడుతున్న. ఆరు దొరికినయి."

ఆరిళ్ళు, ఆరు రోజులు. రోజుకో ఇంట్లో, ఆ ఇంటామె చేత్తో పాప మధ్యాహ్నం అన్నం తినాలి. ఆదివారం ఒక్కటి తను ఉంచుకుంది. నాకు గురువారం పడింది. నన్ను అడగలేదు, చెప్పింది, అంతే. షరతులు కూడా చెప్పింది: పాప ఉన్నంతసేపూ వీధి తలుపు తెరిచి ఉండాలి. కంచం పాపే కడగాలి. జాలిపడకూడదు. చివరిది నన్ను చూసే పెట్టిందని నా అనుమానం.

ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, అలవాటు కోసం పాపను వరుసగా మూడు రోజులు మా ఇంట్లోనే కూర్చోబెట్టింది. మొదటిరోజు పాప పప్పన్నం కంచం గోడకేసి కొట్టింది. ఆ పసుపు మరక ఇప్పటికీ ఉంది. రెండోరోజు గొంతు పోయేదాకా అరిచింది. తల్లి పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంది, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని. నేను కంచం పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"తల్లివా, రాక్షసివా? రా, వచ్చి పెట్టు."

"ఏడ్వనీ టీచరమ్మా. ఇప్పుడు ఏడిస్తే నేనున్న, వింట. నేను పోయినంక ఏడిస్తే ఎవలు వింటరు?"

మూడోరోజు పాప నా వేలు కరిచింది. కరిచి, రక్తం చూసి, ముద్ద మింగింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చెప్పాను గాని, ఇంతకంటే కష్టపడి పాసైన పిల్లను చూడలేదు. ఎవరు పాసయ్యారో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

కడిగిన కంచాన్ని పాప పెరటి గోడ మీద బోర్లించేది. తల్లి బస్సు దిగి వస్తూ ముందు ఆ గోడ వైపే చూసేది. కంచం ఉంటే తిన్నట్టు. లేని రోజు ఎవరినీ ఏమీ అడిగేది కాదు, తనూ తినకుండా పడుకునేది.

ఆ పరిశోధన బృందంలో ఒక చిన్న వయసు అమ్మాయి ఏటా వచ్చి, చేతిలో టాబ్ పెట్టుకుని తల్లిని ప్రశ్నలడిగేది.

"పాపకు అన్నం పెట్టే ముఖ్య సంరక్షకులు ఎవరు ఆంటీ?"

"ఏ రోజు?"

"అంటే?"

"సోమవారమా, మంగళవారమా? రోజుకొకలు."

"ఒక్క పేరే తీసుకుంటది ఆంటీ. రాయకుంటే ముందుకు పోదు. మీ పేరు రాస్త."

"నా పేరు తప్ప ఎవల పేరన్న రాయి," అని నన్ను చూపించింది.

నాకు కోపమొచ్చింది. "నాకెందుకే? డెబ్బై దాటినయి, బీపీ ఉంది. రేపో మాపో పోయేదాన్ని."

"మీరు గింత జల్దీ పోరు టీచరమ్మా. గంత నోరున్నోళ్ళను తీస్కపోనీకి యముడు గూడ జెర ఆలోచిస్తడు."

ఆ మాటలో ఆమె పొరబడలేదు.

ఈ ఎండాకాలంలో ఒక సాయంత్రం వచ్చి, "ఇగ ఆదివారం గూడ మీరే పెట్టుండ్రి," అంది. "బాగుంది. కన్నది నువ్వు, వారానికి రెండు రోజులు నేనా? ఓవర్‌టైం ఆశ పట్టిందా?" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. కడుపులో గడ్డ ఉందని, ముదిరిపోయిందని డాక్టరు అంతకుముందు వారమే చెప్పాడట. నాకు తెలిసేసరికి ఆమె మంచం పట్టింది. నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు.

చివరి వారాల్లో ఒక ఆదివారం పాప నా దగ్గరినుంచి కంచం ఎత్తుకుని పోయి, తల్లి మంచం పక్కన కూర్చుని నోరు తెరిచింది. ఆమె రెండు చేతులూ దుప్పటి లోపలికి లాక్కుంది. గోడ వైపు తిరిగింది.

"ఒక్క ముద్ద పెట్టు. ఏం పోతది?" అన్నాను.

"పెడితే యాదికుంటది టీచరమ్మా. యాదికుండొద్దు."

పాప నోరు తెరుచుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి నా దగ్గరికొచ్చింది.

ఆమె పోయినరోజు నేను పొయ్యి వెలిగిస్తుంటే, వచ్చిన పెద్దమనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి, "వాకిట్ల శవముంటే పొయ్యి ముట్టిస్తరా అమ్మా?" అన్నాడు. "ఇయ్యాల గురువారం. పోయినామె పెట్టిన పరీక్ష ఇయ్యాలనే. వాయిదా వేయనీకి నేనెవర్ని?" అన్నాను. పాప వచ్చి కూర్చుంది. పళ్ళు బిగబట్టలేదు. రెండోసారి వడ్డించమని కంచం కూడా జరిపింది. నాకే ముద్ద కలపడానికి చెయ్యి సాగలేదు.

రాత్రుళ్ళు పాపకు తోడుగా ఇప్పుడు ఆమె చెల్లెలు కొల్లూరు నుంచి వచ్చి ఉంటోంది. టాబ్ పిల్ల మొన్న ఫోన్ చేసింది. "సంరక్షకుల వివరాల్లో ఏమన్న మార్పు ఉన్నదా అమ్మా?" లేదన్నాను. నిజమే చెప్పాను. పోయినామె పేరు అందులో ఎన్నడూ లేదు.

పాప ఇప్పటికీ తిని, కడిగి, కంచం గోడ మీద బోర్లిస్తుంది. ఎండకు కాలుతుంది, వానొస్తే మోగుతుంది. రాత్రి ఏడింటికి ఫ్యాక్టరీ బస్సు గల్లీ చివర ఆగి, నలుగురైదుగురు ఆడవాళ్ళను దించి వెళ్ళిపోతుంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా నేను కంచం తీయను.